నూరిన మాత్ర

మంగళవారం పొద్దున ఏడింటికి సత్తవ్వ కరీంనగర్ బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా, చంకలో సంచితో నేరుగా ‘చల్లని నీడ’కు వచ్చింది. నస్పూర్‌లో రెండంతస్తుల అద్దె ఇంట్లో, మంచం పట్టిన పదకొండు మందిని చూసుకునే చోటు అది. పేరులో ఉన్న చల్లదనం ఇంట్లో ఎక్కడా కనిపించదు. పక్కనే బొగ్గు లారీల రోడ్డు. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. అయినా యజమాని ప్రేమ్‌సాగర్ మంచాల మీద ఇస్త్రీ దుప్పట్లు పరిపించి, చూడడానికి వచ్చినవాళ్లకు ముందుగా వాటినే చూపిస్తాడు.

సత్తవ్వ భర్త బుచ్చిరాములుది కింది గదిలో మూడో మంచం. ముప్పై నాలుగేళ్లు బొగ్గు బాయిలో పని చేసిన మనిషి. వేళ్ల కణుపుల మీద బొగ్గు దిగి మానిన నీలి మచ్చలు ఇంకా పోలేదు. ఆరు నెలల కింద పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మింగడం మాత్రం ఉండేది. పోయిన వారం నుంచి అదీ కష్టమైంది, గుక్కెడు నీళ్లకే పొరబోతోంది. అందుకే సత్తవ్వ వేములవాడ పోయి, సోమవారం రాజన్న గుడిలో కోడె మొక్కు చెల్లించి, రాత్రంతా కరీంనగర్ బస్టాండులో కూర్చుని తెల్లారగట్ల బస్సు పట్టుకుంది. ఆమె వచ్చేసరికి ముసలాయన ముక్కులో సన్నని గొట్టం ఉంది.

“గిదేంది బిడ్డా! ముక్కుల గొట్టమేంది?” అని గుమ్మంలోనే ఆగిపోయింది.

“నిన్న మధ్యాహ్నం డాక్టర్ సాబ్ పెట్టిండు అవ్వా,” అంది శ్యామల. నిలయానికంతా ఆ పూట ఉన్న ఒక్క నర్సు తనే. “నోట్లె పోస్తే ఊపిరితిత్తులకు పోతుంది. ఇగ పాలు, నీళ్లు, గోలీలు, అన్ని గీ గొట్టంల నుంచే.”

“నొయ్యదా?”

“నొయ్యది. ఇగో, చూడు.”

శ్యామల పెద్ద సిరంజీ గొట్టపు మూతికి తగిలించి, పైకెత్తి పట్టుకుని, పాలు పోసి చూపించింది. పాలు వాటంతటవే దిగిపోయాయి. సత్తవ్వ వాటిని కన్నార్పకుండా చూసింది. ఆ చూపులో భయం ఉంది, కొంచెం ఆశ కూడా ఉంది. శ్యామల సిరంజీని అక్కడే ట్రేలో వదిలేసి, మేడ మీద ఎవరో పిలిస్తే పరుగెత్తింది.

ఆమె పని అంతా పరుగే. పదకొండు మందికి పొద్దుటి మందులు నలభై నిమిషాల్లో వేసేస్తుందని ప్రేమ్‌సాగర్ అందరికీ గొప్పగా చెబుతాడు. ఆ మాట విన్నప్పుడల్లా శ్యామలకు లోపల సంతోషంగానే ఉంటుంది. ఆ వేగానికి ఒక ఏర్పాటుంది. ఆదివారం మధ్యాహ్నం కత్తెర పట్టుకుని స్ట్రిప్పులన్నీ ఒక్కొక్క మాత్రగా కత్తిరిస్తుంది. వాటిని ఏడు గళ్ల డబ్బాల్లో, మంచానికొక డబ్బా చొప్పున నింపుతుంది. పేరు సగం ఒక ముక్క మీద, సగం ఇంకో ముక్క మీద పడుతుంది. చదవాల్సిన పని లేదు, ఏ రోజు గడిలో ఏముంటే అది వేయడమే.

ఎనిమిదింటికి బుచ్చిరాములు డబ్బాలో మంగళవారం గడి తెరిచింది. ఐదు మాత్రలు. నిన్నటిదాకా చెంచాడు అరటిపండు గుజ్జులో పెట్టి మింగించేది. ఇప్పుడు గొట్టం కాబట్టి ఐదింటినీ రాతి కల్వంలో వేసింది. నాలుగు మాత్రలు రెండు దెబ్బలకే పిండి అయ్యాయి. ఐదోది పొడవాటి తెల్ల మాత్ర, పలుకులయింది గానీ పిండి కాలేదు. గట్టిగా తిప్పి నూరింది. నీళ్లు పోసి కలిపితే జిగటగా చెంచాకు పట్టుకుంది. సిరంజీలో పోస్తే సగంలో ఆగిపోయింది.

ఆగినప్పుడు తనూ ఆగి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. అప్పుడు మాత్రం గోరువెచ్చని నీళ్లు పోసి, సిరంజీ పిడిని బొటనవేలితో బలంగా నొక్కింది. గొట్టం ఒకసారి ఉబ్బినట్టయి, లోపలిది జారిపోయింది. హమ్మయ్య అనుకుని నాలుగో మంచానికి నడిచింది.

తొమ్మిది నలభైకి సత్తవ్వ కేక వేసింది. “బిడ్డా, జల్ది రా! ముసలోని చెయ్యి సల్లగయింది!”

బుచ్చిరాములు నుదుటి మీద చెమట ముత్యాల్లా పట్టి ఉంది. పెదవులు పాలిపోయాయి. శ్యామల మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. నిమిషానికి నలభై రెండు. మళ్లీ చూసింది, నలభై రెండే. రక్తపోటు ఎనభైకి పడిపోయింది. మంచం కాళ్ల వైపు ఇటుకలు పెట్టి ఎత్తింది, ఆక్సిజన్ తగిలించింది, డాక్టర్ దేవదాస్‌కు ఫోన్ చేసింది. ఆయన మంచిర్యాల నుంచి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఆమె ముసలాయన మణికట్టు వదల్లేదు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఇక రాదేమో అనిపించేంత ఎడం. “ఓ రాజన్నా, ఓ రాజన్నా” అని సత్తవ్వ గొంతులోనే అనుకుంటోంది.

ఇంజెక్షన్ పడ్డాక నాడి మెల్లగా అరవైకి ఎక్కింది. డాక్టర్ నుదురు తుడుచుకున్నాడు.

“కొత్త మందేమన్న ఇచ్చిన్రా?”

“లేదు సర్. ఆరు నెలల నుంచి వేసేయే,” అంది శ్యామల. అబద్ధం కాదు. నిజంగానే అవే మాత్రలు.

“మరి గొట్టం పెట్టినదానికి తట్టుకోలేదో, ఇన్ఫెక్షనో. చూద్దాం. నాడి బాగుంటేనే రేపు గుండె మాత్ర వెయ్యి.”

డాక్టర్ వెనకే వచ్చి నిలబడ్డ ప్రేమ్‌సాగర్ కళ్లు మంచం పక్క బల్ల మీద పడ్డాయి. అక్కడ ఒక గ్లాసు, దాని అడుగున తెల్లగా పేరుకున్న మడ్డి. పక్కన విప్పిన పొట్లం. గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు.

“గిదేంది?”

సత్తవ్వ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“రాజన్న విభూతి సారూ,” అంది చివరికి. “శిటికెడు. నీళ్లల్ల కలిపి గొట్టంల పోసిన. సిస్టరమ్మ పైకి పోయినప్పుడు. నోట్లె పోస్తెనే పొరబోతది గద, గిండ్ల నుంచయితే పోతదనుకున్న.”

ప్రేమ్‌సాగర్ ముఖం ఎర్రబడింది. అందులో కోపం ఎంతో, బతికిపోయామన్న తేలిక ఎంతో చెప్పడం కష్టం. “చూసిన్రా సార్? ఎంత మంచిగ చూసుకున్నా గిట్ల చేస్తరు. రేపు ఏమన్నయితే పేరు పోయేది మాది!”

“విభూతితో నాడి పడిపోదు,” అన్నాడు డాక్టర్, సంచి సర్దుకుంటూ. “కానీ గొట్టంలో బూడిద పోయడం మంచిది కాదమ్మా. ఇంకోసారి చేయకు.”

మొదటి మాట ఎవరికీ వినబడలేదు. రెండో మాటే అందరికీ అందింది. శ్యామలకు మాత్రం మొదటిదీ వినిపించింది. అయినా ఆ తెల్లని మడ్డిని చూడగానే ఆమె ఒంట్లో బిగుసుకున్నదేదో వదులయింది. తప్పు దొరికింది, అది తనది కాదు. ఆ క్షణాన ఆమెకు కలిగింది సంతోషమే. దాన్ని ఇంకో పేరుతో పిలవడానికి లేదు.

ప్రేమ్‌సాగర్ తెల్ల కాగితం మీద తనే రాశాడు. బయటి పదార్థం గొట్టంలో పోసినందువల్ల రోగికి ప్రాణం మీదికి వచ్చిందనీ, నిలయానికి ఏ బాధ్యతా లేదనీ. సత్తవ్వ వేలిముద్ర వేసింది. సాక్షిగా శ్యామల సంతకం పెట్టింది. మూడున్నరకు మొదటి షిఫ్టు దిగి, బాయిలోంచి పైకి వచ్చాక కొడుకు అరుణ్‌కుమార్ ఫోన్ ఎత్తాడు. స్పీకర్ పెట్టకపోయినా అతని గొంతు గదిలో అందరికీ వినిపించింది.

“నీకు అకల్ ఉన్నదా అవ్వా? బాపును నువ్వే సంపుతవా? ఇగ గా మంచం కాడికి పోకు. సారు సెప్పెదాంక పోకు!”

సత్తవ్వ ఫోన్ కిందికి దించి, సంచి తీసుకుని, భర్త వైపు చూడకుండా బయటికి నడిచింది. ముసలాయన ఎడమ చేయి దుప్పటి మీద ఆమె కోసం తడుముకుంది. శ్యామల ఆ చేతిని లోపలికి సర్ది దుప్పటి కప్పింది.

*

బుధవారం పొద్దున గేటుకు తాళం ఉంది. ఎదురుగా లారీ టైర్ల పంక్చర్ దుకాణం ముందు బల్ల మీద సత్తవ్వ కూర్చుని ఉంది. మందుల గది కిటికీలోంచి ఆమె కనిపిస్తోంది.

నాడి ఎనభై నాలుగు, రక్తపోటు కొంచెం ఎక్కువే. డాక్టర్ చెప్పినట్టు నాడి బాగుంది కాబట్టి శ్యామల బుధవారం గడి తెరిచి ఐదింటినీ కల్వంలో వేసింది. ఐదోది మళ్లీ పలుకులుగానే మిగిలింది. ఈసారి ఇంకా ఎక్కువసేపు నూరింది, గొట్టం ఆగకుండా. తన జాగ్రత్తను తనే మెచ్చుకుంది కూడా.

తొమ్మిదిన్నరకు, ఎందుకో, ఎవరూ పిలవకుండానే మూడో మంచం దగ్గరికి వచ్చింది. చెంపకు చేయి ఆనించింది. చల్లగా, తడిగా ఉంది.

నలభై ఆరు.

“సార్!” అని అరిచింది. అరుస్తూనే ఇటుకలు జరిపింది. డాక్టర్ ఆపరేషన్‌లో ఉన్నాడు; ఆయన ఫోన్ ఎవరో ఎత్తి, ఆయన చెప్పిన మాటలు ఒక్కొక్కటే అందించారు. నిన్న వేసిన ఇంజెక్షనే, అంతే మోతాదు. సెలైన్ వదలమన్నారు. సూది మొదటిసారి నరం తప్పింది. రెండోసారి ఎక్కింది. బుచ్చిరాములు కళ్లు తెరిచే ఉన్నాయి. బాయిలో పైకప్పు కూలే ముందు దాన్ని మోసే కర్రల చప్పుడు వినే మనిషిలా, ఆయన తన గుండె చప్పుడే వింటున్నట్టు ఉన్నాడు. ఆ చూపు శ్యామల ముఖం మీదికి తిరిగి అక్కడే ఆగింది. నిందించలేదు, అడగలేదు. మాట లేని మనిషి చూసే చూపు అంతే. ఆమె దాన్ని భరించలేకపోయింది.

నాడి అరవై దాటాక ప్రేమ్‌సాగర్ గోడకు ఆనుకున్నాడు. “ముసలమ్మ మల్ల లోపలికొచ్చిందా?”

“రాలే సార్. గేటుకు తాళమే ఉన్నది.”

“మరి?”

శ్యామల మందుల గదిలోకి పోయి తలుపు వేసుకుంది. కల్వం ఇంకా కడగలేదు. రోకలి చుట్టూ తెల్లని జిగట ఎండిపోయి ఉంది. గోటితో గీకితే సాగింది. నిన్నా ఇవాళా ముసలమ్మ ఉన్నా లేకపోయినా జరిగింది ఒకటే. రెండు రోజులూ చేసినవాళ్లు ఒకరే.

గురువారం గడిలోంచి ఆ పొడవాటి మాత్ర తీసింది. ఒక గ్లాసు నీళ్లలో దాన్ని నూరి వేసింది, ఇంకో గ్లాసులో శుక్రవారం గడిలోని దాన్ని నూరకుండా వేసింది. ప్రేమ్‌సాగర్ సాక్ష్యానికని దాచిన విభూతి పొట్లం అల్మరాలోనే ఉంది. దాంట్లోంచి చిటికెడు మూడో గ్లాసులో. విభూతి అడుగుకు దిగి బూడిదగా కూర్చుంది. నూరిన మాత్ర గంజిలా చిక్కబడింది. నూరని మాత్ర మాత్రం పైన సన్నని పొర ఉబ్బించుకుని, ఏమీ తొందర లేనట్టు అలాగే పడి ఉంది.

స్టాకు పెట్టెలో ఆ గుండె మాత్రది కత్తిరించని స్ట్రిప్పు కోసం వెతికింది. దొరికింది. పేరు, అంకె, ఆ పక్కన రెండు అక్షరాలు. రోజంతా కొంచెం కొంచెంగా కరిగే మాత్ర అని చెప్పే అక్షరాలు. తను ప్రతి ఆదివారం కత్తెరతో కోసేది సరిగ్గా ఆ అక్షరాల మీదుగానే. చార్టులో కూడా చేతికి పని తగ్గించుకోవడానికి పేరూ అంకే రాసి వదిలేసింది. పెట్టెలో మడిచి ఉన్న కాగితం విప్పింది. చిన్న అక్షరాల్లో ఉంది: నమలకూడదు, నూరకూడదు.

ఇది ఆమెకు తెలియని సంగతి కాదు. నర్సింగ్ రెండో ఏడు పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నకు రాసింది. ఏ మాత్రలు నూరకూడదు, ఎందుకు నూరకూడదు అని. ఐదుకు నాలుగున్నర వచ్చాయి. ఇరవై నాలుగు గంటలకు పంచి ఇవ్వాల్సిన మందును ఒక్క గంటలో ఆ గుండె మీద కుమ్మరించింది, రెండుసార్లు. రెండోసారి ఇంకా మెత్తగా నూరి మరీ.

సిగ్గుతో ఆమె చెవులు మండాయి. పదకొండు కొట్టింది. కిటికీ అవతల సత్తవ్వ బల్ల మీద నుంచి లేచి, గేటు దాకా వచ్చి, ఊచలు పట్టుకుని లోపలికి చూసి, మళ్లీ పోయి కూర్చుంది. శ్యామల కిటికీ పక్కకు జరిగింది.

సాయంత్రం డాక్టర్ దేవదాస్‌కు ఫోన్‌లో అంతా చెప్పింది.

“గొట్టం పెట్టినప్పుడు నేనే ప్రతి మాత్రా చూడాల్సింది,” అన్నాడు. “నేనూ చూడలేదు. రేపటి నుంచి మామూలు మాత్ర, సగం సగం, రెండు పూటలా. గ్యాస్ మాత్ర కూడా నూరేది కాదు. దాని బదులు వేరేది రాస్తాను. శ్యామలా, మిగతా గొట్టం పేషెంట్లవి కూడా అన్నీ చదువు.”

“సరే సర్.”

“ఇంట్లోవాళ్లకు చెప్పావా?”

“చెప్త సర్,” అంది. చెప్పలేదు. ఆ పూట పొద్దుగూకేదాకా సత్తవ్వ అక్కడే కూర్చుని, చీకటి పడుతుండగా బస్సెక్కి పోయింది.

*

గురువారం శ్యామల సగం మాత్రను చేత్తో విరవలేదు. మాత్రలు కోసే చిన్న పెట్టెలో గీత సరిగ్గా బ్లేడుకు వచ్చేట్టు పెట్టి, మూత నొక్కి, రెండు సగాలూ సమానంగా ఉన్నాయో లేదో చూసింది. కల్వం కడిగి తుడిచింది. ఒక్క మాత్రే నూరి, నీళ్లలో కలిపి పోసి, వెంట నీళ్లు వదిలింది. తర్వాతి మాత్రకు ముందు మళ్లీ కడిగింది. బుచ్చిరాములు ఒక్కడికే పావుగంట పట్టింది. నాలుగో మంచం మనిషి విసుక్కున్నాడు.

తొమ్మిదిన్నర. డెబ్బై ఆరు. పది. డెబ్బై నాలుగు. పదిన్నరకు కూడా డెబ్బై నాలుగే. చెంపలు వెచ్చగా ఉన్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది. మందుల గదిలోకి పోయి ముఖం కడుక్కుని ప్రేమ్‌సాగర్ దగ్గరికి నడిచింది.

అంతా విని అతను తలుపు మూశాడు.

“ఎవరికి జెప్పినవ్?”

“డాక్టర్ సాబ్‌కు.”

“గంతే గద? మంచిది. పేషెంట్ మంచిగున్నడు, కత అయిపోయింది. రెండు రోజులైనంక ముసలమ్మను నేనే రమ్మంట. నువ్వేం పరేషాన్ గాకు.”

“ఆమె తనే చేసిననుకుంటుంది సార్. ఆమెతోని వేలిముద్ర కూడా...”

“నూరింది నువ్వు!” గొంతు తగ్గించే అరిచాడు. “సంతకం పెట్టింది నువ్వు. గా కొడుకు యూనియన్ల తిరిగేటోడు, పదిమందిని తోల్కొస్తడు. కేసయితే నీ రిజిస్ట్రేషన్ పోతది. మల్ల యాడ పనిస్తరు? నీ మంచికే జెప్తున్న.”

అతను చెడ్డవాడేమీ కాదు. పోయిన ఏడు ఒక ముసలాయన పోతే, ఎవరూ రాకపోతే, తనే కాష్ఠం దాకా నడిచాడు. కానీ భయం వేస్తే మనిషి ముందు తలుపు మూస్తాడు. శ్యామల భయం కూడా తక్కువదేం కాదు. ‘రెండు రోజులే కదా’ అని తనకు తానే చెప్పుకుని, మధ్యాహ్నం దాకా మిగిలిన డబ్బాలన్నీ ఖాళీ చేసి స్ట్రిప్పులు చదువుతూ కూర్చుంది.

మూడున్నరకు బయటి బకెట్లో నీళ్లు పారబోయడానికి గేటు దాకా వచ్చింది. సత్తవ్వ చూసి గబగబా ఊచల దగ్గరికి వచ్చింది. మూడు రోజుల్లో ముఖం పీక్కుపోయింది. నుదుటి మీద బొట్టు ఒక్కటే ఉంది, పక్కన ఎప్పుడూ ఉండే విభూతి గీత లేదు.

“ఎట్లున్నడు బిడ్డా?”

“మంచిగున్నడు అవ్వా. నాడి మంచిగ కొట్టుకుంటుంది.”

సత్తవ్వ తల ఊపింది. “నేను దగ్గర లేను గద. మంచిగనే ఉంటడు.”

అంత మామూలుగా అంది. బాధ చూపించడానికి కాదు, లెక్క తేలినట్టుగా. అంతటితో ఆగక, “జర ఆయన చెవుల ఒక్క మాట జెప్పు బిడ్డా. తెల్వక చేసిందట, తప్పయిందట అని జెప్పు. మాట లేదు గానీ చెవులు మంచిగనే వినపడ్తయి,” అంది.

శ్యామల బకెట్ కింద పెట్టింది. ప్రేమ్‌సాగర్ భోజనానికి పోతూ తాళంచెవి మందుల గదిలో పెట్టి పోతాడు. లోపలికి పోయి తెచ్చి గేటు తీసింది. కానీ సత్తవ్వ అడుగు ముందుకు వేయలేదు. వెనక్కి నడిచి పంక్చర్ దుకాణం బల్ల మీద కూర్చుంది. శ్యామల కూడా పోయి పక్కన కూర్చుంది. దుకాణంలో ఎవరో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు.

“అవ్వా, నీ విభూతి కాదు. నేను నూరిన గోలీ.”

సత్తవ్వ అర్థం కానట్టు చూసింది.

“గా గోలీ నూరేది కాదు. కడుపుల పడి, రోజంత జర జర కరిగేది. నేను కల్వంల దంచి ఒక్కపారే పోసిన. రోజంతటి మందు ఒక్క గంటల గుండెకు పట్టింది. అందుకే నాడి పడ్డది. మొన్న గంతే, నిన్న గంతే. నిన్న నువ్వు లేవు గద, అయినా పడ్డది. తప్పు నాది. ఇయ్యాల గోలీ మార్చినం, పడలే.”

లారీ ఒకటి పోయింది. దుమ్ము దిగాక సత్తవ్వ శ్యామల వైపు తిరిగింది.

“నీకు ఎప్పుడు ఎర్కయింది?”

“నిన్న. పదకొండింటికి.”

“నిన్న.” సత్తవ్వ ఆ మాటను నోట్లోనే ఉంచుకుంది. “నిన్న పొద్దుగూకెదాంక నేను గీ బల్ల మీదనే ఉన్న బిడ్డా. గా కిటికీలకెళ్లి నువ్వు నన్ను చూసినవ్. నేనూ నిన్ను చూసిన.”

“చూసిన అవ్వా,” అంది శ్యామల. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఆ ముసలామె సరే అంటుందేమోనని భయం వేసింది.

సత్తవ్వ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. రొంటిన ఉన్న ఫోన్ తీసి కొడుకు ఫొటో మీద వేలు పెట్టి, మోగుతుండగా శ్యామల చేతికి ఇచ్చింది. “జెప్పు. నాకు జెప్పినట్టే జెప్పు.”

అరుణ్‌కుమార్ అప్పుడే బాయి మీదికి వచ్చినట్టున్నాడు, వెనక టోపీ దీపాలు అప్పజెప్పే చోటి గలాటా. శ్యామల చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. అవతల గలాటా దూరమయింది. తర్వాత, “బాపు ఇప్పుడెట్లున్నడు?” అని. ఆ తర్వాత, “అవ్వకియ్యి ఫోను.”

శ్యామల ఫోన్ చాపింది. సత్తవ్వ తీసుకోలేదు.

“గిప్పుడు మాట్లాడబుద్ధి అయితలేదని జెప్పు,” అని లేచి, కొంగు దులుపుకుని గేటులోకి నడిచింది.

భోజనం నుంచి తిరిగొచ్చిన ప్రేమ్‌సాగర్ తెరిచి ఉన్న గేటునూ, శ్యామల చెవి దగ్గర ఫోన్‌నూ చూసి అంతా గ్రహించాడు. ఆమె అతని బల్ల సొరుగులోంచి ఆ కాగితం అడిగి తీసుకుంది. వేలిముద్ర కింద తన చేతిరాతతో నాలుగు వాక్యాలు రాసి, తేదీ వేసి, పేరు పూర్తిగా రాసింది. అతను చదివి, “నీ సంగతి నెలాఖరుకు చూస్త,” అన్నాడు. కాగితాన్ని మాత్రం చింపలేదు.

కింది గదిలో సత్తవ్వ సబ్బుతో చేతులు కడుక్కుని మూడో మంచం పక్కన కూర్చుంది. ముసలాయన ఎడమ చేయి ఆమె కొంగు పట్టుకుంది. బాయిలో కర్ర పట్టిన పట్టు అది, ఇప్పట్లో వదిలేట్టు లేదు. శ్యామల వచ్చి కాళ్ల దగ్గర నిలబడ్డాక, సత్తవ్వ తల తిప్పకుండానే అంది.

“రేపటి సంది నువ్వు గోలీలు నూరేది నా ముందట నూరు.”

*

శుక్రవారం ఎనిమిదింటికి శ్యామల కల్వం, ట్రే పట్టుకుని మంచం దగ్గరికే వచ్చింది. డబ్బా లేదు, అన్నీ స్ట్రిప్పులే. సత్తవ్వ స్టూలు ముందుకు జరుపుకుంది. ఆమెకు చదువు రాదు. కానీ ప్రతి స్ట్రిప్పూ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, తిరిగి ఇస్తూ ఒకటే అడిగింది.

“గిది నూరేదేనా?”

“నూరేదే అవ్వా. గీత మీద సగం కోసి నూరుత.”

“గిది?”

“గిది నీళ్లల్ల వేస్తెనే కరుగుతది. నూరుడే అవసరం లేదు.”

మూడోది కొత్తది, గ్యాస్ మాత్ర బదులు నిన్న రాత్రి డాక్టర్ రాసి పంపిన క్యాప్సూల్. సగం గులాబీ, సగం తెలుపు. సత్తవ్వ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. లోపల ఆవగింజల్లాంటివి గలగలమన్నాయి.

“గిది ఇప్పి, లోపలియి నూరి పొయ్యాల్నా? గట్లనే పొయ్యాల్నా?”

శ్యామల నోరు తెరిచింది. ఏదో ఒకటి చెప్పడం ఆమెకు కష్టం కాదు. నర్సు అయినప్పటి నుంచి ఎవరేం అడిగినా తడుముకోకుండా చెప్పింది. అందుకే అందరూ మెచ్చుకునేవాళ్లు. మేడ మీద గంట మోగింది, ఇంకా పదిమందికి మందులు పడాలి. బుచ్చిరాములు ఆమె ముఖమే చూస్తున్నాడు. గుమ్మంలో ప్రేమ్‌సాగర్ నిలబడి వింటున్నాడు.

“నాకు తెల్వదు అవ్వా,” అంది.

ఆ మాట అంటుంటే ముఖమంతా వేడెక్కింది. ముసలామె ఏమంటుందోనని చూసింది. సత్తవ్వ మాత్రను శ్యామల అరచేతిలో పెట్టి, స్టూలు మీద సర్దుకుని కూర్చుంది.

“తెల్వకుంటే అడుగు మరి. నేను ఈడనే ఉంట.”

శ్యామల రోకలిని కల్వం పక్కన పెట్టి, డాక్టర్‌కు ఫోన్ కలిపింది. ఆయన వెంటనే ఎత్తలేదు. ఆమె తొందరపడకుండా, ఆ మాత్రను అరచేతిలోనే ఉంచుకుని, అవతల మోగుతున్నది వింటూ నిలబడింది.